తడబాటు టోపీ

మూఢమో ఆషాఢమో వచ్చిందంటే పురోహితులూ సన్నాయి మేళాలవాళ్ళూ దిగులుపడతారు గానీ, విశాఖపట్నంలో టెస్టర్ల సంఘానికి మాత్రం పండగే. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మధురవాడ కొండ కింద కల్యాణమండపం మేడమీది హాలు వాళ్ళకి దాదాపు ఊరికే దొరుకుతుంది. మిగతా ఏడాదంతా ఎవరో ఒకరి ఇంట్లో ఇరుక్కుని కూర్చుని కష్టాలు చెప్పుకుంటారు. ఆషాఢంలో మాత్రం నెలంతా శిక్షణ శిబిరం. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టిళ్ళకి వెళ్ళే నెలలో టెస్టర్లు ఒకచోట చేరతారన్నమాట.

వాళ్ళ కష్టాలు చిత్రమైనవి. ఇంకొకరు రాసిన ప్రోగ్రాం ఎక్కడ చెడిపోతుందో ముందుగా వెతికి చెప్పడం వాళ్ళ ఉద్యోగం. తప్పు దొరక్కపోతే పని చెయ్యలేదంటారు. దొరికితే పని చెడగొట్టారంటారు. పెళ్ళిచూపుల్లో అందరూ వింటుండగా "మా వాడు గురక పెడతాడు" అనేసిన మేనత్తని చూసినట్టు ఆఫీసులో అందరూ వాళ్ళని చూస్తారు.

ఈ కథ జరిగిన ఏడాదికి ఆ మేనత్త పని కూడా యంత్రాలు చేసేస్తున్నాయి. తప్పులు పట్టే యంత్రాలు నిద్రపోవు, సెలవడగవు, అలగవు. హైమవతి పనిచేసే ఆఫీసులో మేనేజరు పిలిచి మర్యాదగానే చెప్పాడు. యంత్రం పట్టుకోలేనిదీ మనిషి మాత్రమే పట్టుకోగలిగేదీ ఏదైనా ఉందని ఆషాఢం వెళ్ళేలోగా చూపిస్తే ఆమె జట్టు ఉంటుంది. లేకపోతే అందరికీ పూలగుచ్ఛాలు ఇచ్చి పంపిస్తారు. పూలగుచ్ఛం మాట వినగానే హైమకి దిగులు పట్టుకుంది. ఆ జట్టులోకి వాళ్ళందరినీ ఏరి తెచ్చుకుంది ఆమే.

ఆ దిగులుతోనే ఆమె ఆ ఏడు శిబిరానికి వచ్చింది. సంఘం పెద్ద కూర్మారావు గారు ఆమె కోసమే ఎదురుచూస్తున్నారు. జీవితమంతా ఇతరుల తప్పులు పట్టి రిటైరైన మనిషి. హోటల్లో చెయ్యి కడుక్కునే కుళాయిని కూడా అటూ ఇటూ తిప్పి, ఆగిందో లేదో చూసిగానీ కదలరు. ఆయన భార్య ఆయనకి కూర రుచి చూపించడం ఏనాడో మానేసింది.

బల్లమీద ఒక టోపీ ఉంది. స్నానానికి వెళ్ళేముందు ఆడవాళ్ళు జుట్టు తడవకుండా పెట్టుకునే టోపీలాగే ఉంది గానీ, లోపల సన్నని తీగలు మెరుస్తున్నాయి.

"మనిషి తెలివిని కాపీ చెయ్యడానికి అందరూ తంటాలు పడుతున్నారమ్మా" అన్నారాయన. "నేను అది వదిలేశాను. ఇది తడబాటుని పట్టుకుంటుంది. మనిషి ఎక్కడ ఆగుతాడు, దేనికి జంకుతాడు, ఏది చూసి వెనక్కి తగ్గుతాడు. అవన్నీ కూడబెట్టి ఒక మారుమనిషిని తయారుచేస్తుంది. ఆ మారుమనిషి చేతికి ఏ ప్రోగ్రామైనా ఇచ్చి, ఎక్కడ తడబడుతుందో పక్కన కూర్చుని నేర్చుకోవడమే మన శిక్షణ. యంత్రాలకి తడబడటం రాదు. మనం బతకాలంటే అదే దారి."

"మరి ఎవరికీ పెట్టి చూడలేదా?"

"అందరికీ పెట్టాను. ఒక్క మారుమనిషీ తయారవలేదు. టెస్టర్ల బుర్రలు పనికిరావు. ఎక్కడ నొక్కాలో ముందే తెలిసిపోయిన బుర్రలు మనవి. మనకి కావలసింది బాగా తడబడే తల."

హైమ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు సన్యాసమ్మ కూరల సంచీతో లిఫ్టు ముందు నిలబడి ఉంది. చాలాసేపటి నుంచీ నిలబడి ఉన్నట్టుంది, సంచీలో తోటకూర వాడిపోయింది.

"ఏమైంది అత్తా?"

"ఏటీ లేదే. నాను పైకెళ్ళాలి గదా అని పైబాణం నొక్కుదామంటే, లిఫ్టు పైనుంది. అది కిందకి రావాలి గదా, కిందబాణం నొక్కాలేమోనని ఆలోచిస్తన్నాను."

హైమ ఆవిడ తలవైపు చాలా ఆప్యాయంగా చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెబితే, ఓడరేవులో క్రేను నడిపే భర్త దాలినాయుడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. "అమ్మలోంచి ఇంకో అమ్మా? ఒక్క అమ్మకే నేను సమాధానం చెప్పుకోలేకపోతన్నాను."

సన్యాసమ్మ కొడుకుని పట్టించుకోలేదు. టోపీ తిప్పి చూసింది. "జుట్టు నల్లబడతాదేటి?"

"నల్లబడదు అత్తా. నువ్వు ఎక్కడెక్కడ ఆగిపోతావో అది రాసుకుంటుంది. దానివల్ల మా జట్టు ఉద్యోగాలు నిలబడొచ్చు."

"నాను ఆగిపోవడం వల్ల మీకు ఉద్యోగాలా?" సన్యాసమ్మకి నమ్మకం కుదరలేదు. అయినా పెట్టుకుంది. పెట్టుకున్నాక విప్పనంది. ఆ టోపీతోనే రైతుబజారుకి వెళ్ళింది, గుడికి వెళ్ళింది, పరామర్శకి కూడా వెళ్ళింది. ఆవిడ తలకి ఆపరేషన్ అయిందని అపార్ట్‌మెంటులో పుకారు పుట్టి, పరామర్శించబోయిన ఆవిడనే అందరూ పళ్ళు తెచ్చి పరామర్శించారు. వాళ్ళు వెళ్ళడానికి లేచినప్పుడల్లా సన్యాసమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. అది ఆవిడ పాత అలవాటే. ఇంటికి వచ్చినవాళ్ళని గుమ్మందాకా సాగనంపడం ఆవిడ ఎప్పుడూ చెయ్యలేదు. పొగరని చుట్టాల్లో పేరు. తీగలు మాత్రం అది కూడా రాసుకున్నాయి.

టోపీ కంప్యూటరుకి తగిలించి కూర్మారావు గారు మీట నొక్కిన రోజున హాలంతా ఊపిరి బిగబట్టింది. తెరమీద ఒక బాణం గుర్తు వణుకుతూ కనిపించింది. తర్వాత స్పీకర్లోంచి అచ్చం సన్యాసమ్మ గొంతు వచ్చింది.

"ఓలమ్మ, ఇంతమంది కూకున్నారు, ఎవరైనా కాఫీలు తాగేరా?"

టెస్టర్లు చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

మొదట సరుకులు తెచ్చిపెట్టే యాప్ ఇచ్చారు. మారుమనిషి కందిపప్పు బుట్టలో వేసింది, ధర చూసింది, తీసేసింది. పక్క పేజీలోకి వెళ్ళిపోతున్నట్టు నటించింది. కొట్టువాడు వెనక్కి పిలుస్తాడని కాసేపు ఆగింది. పిలవకపోయేసరికి తిరిగొచ్చి అదే పప్పు మళ్ళీ బుట్టలో వేసింది. అలా వెళ్ళి వస్తూంటే ఆ యాప్ లెక్క తప్పి, కొన్నవాళ్ళకే ఎదురు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ యంత్రమూ పట్టుకోని తప్పు అది. యంత్రాలకి బేరమాడటం ఎవరూ నేర్పలేదు.

ఆ యాప్ రాసిన కుర్రాడు నిఖిలేష్ని పిలిపించారు. డెవలపర్లు టెస్టర్ల హాల్లోకి వచ్చినప్పుడు వియ్యాలవారింటికి వచ్చినట్టే వస్తారు. వాడు వంగి చూసి, "నా మెషీన్లో బానే ఉందండీ" అన్నాడు.

"నీ మెషీను నీకు మేనమామేటి, నీ తప్పులు కప్పెట్టడానికి" అంది స్పీకరు.

తర్వాత బ్యాంకు యాప్. 'పాత పాస్‌వర్డ్' అని అడిగితే మారుమనిషి "పాతదైతే ఇప్పుడెందుకు?" అంది. ఫోనుకి వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పకండి అని రాసి, ఆ కిందనే చెప్పమని గడి పెట్టినందుకు ఆ బ్యాంకుని తిట్టింది. 'నేను రోబోను కాను' అని టిక్కు పెట్టమన్న చోట మాత్రం బాణం చాలాసేపు కదల్లేదు.

"హైమా" అంది స్పీకరు మెల్లగా, "ఇది నన్నడుగుతోందా, నిన్నడుగుతోందా?"

హైమ తానే టిక్కు పెట్టేసి మాట మార్చింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక అన్నం సరిగ్గా తినలేదు.

నేర్చుకోవడం మాత్రం జోరుగా సాగింది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఆరితేరిన టెస్టర్లు బాణం పక్కన కూర్చుని తడబడటం నేర్చుకున్నారు. "ఇక్కడ ఆవిడ ఆగింది చూశావా? ఎందుకు ఆగింది?" అని వాదించుకున్నారు. ఒకతను ఇంటికి వెళ్ళి టీవీ రిమోటు ముందు కూర్చుని అభ్యాసం చేస్తున్నాడని అతని భార్య వచ్చి ఫిర్యాదు చేసింది.

ఒక్క విషయమే ఎవరికీ అంతుపట్టలేదు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా మారుమనిషి చివర 'నిష్క్రమణ' అన్న గుర్తుని నొక్కదు. దాని దగ్గరికి వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ మొదటి పేజీకి పోతుంది. ఇదేదో తర్వాత చూసుకోవచ్చని దానిమీదే ఇంకో ప్రోగ్రాం తెరిచారు. దానిమీద ఇంకొకటి. అలా తెరుచుకుంటూ పోయారు.

ఒక మధ్యాహ్నం సన్యాసమ్మ క్యారేజీ పట్టుకుని హాలుకి వచ్చింది. తన గొంతుతో ఎవరో మాట్లాడుతున్నారని విని చూసిపోదామనుకుంది. తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "నువ్వేటే నానువి?" అంది.

"నువ్వేటి నానువి? నానే నాను" అంది స్పీకరు.

"అయితే చెప్పు, చేపల పులుసులో చింతపండు ముందేస్తావా, వెనకేస్తావా?"

"చేపని బట్టి."

సన్యాసమ్మ హైమవైపు తిరిగి గర్వంగా, "నానే" అంది.

ఆ రోజు నుంచీ పొద్దున్నే వంట ముగించి వచ్చేసేది. ఇద్దరూ కూర్చుని తోటికోడలి మీద చెప్పుకునేవారు. ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవారు పూర్తి చేసేవారు. ఒక్కోసారి మాటల్లేకుండా ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చేవారు. ఒకరోజు తోటికోడలి గొలుసు సంగతి మీద దెబ్బలాట వచ్చి, సన్యాసమ్మ తెరమీద తువ్వాలు కప్పేసి వెళ్ళిపోయింది. మర్నాడు తనే వచ్చి తువ్వాలు తీసి, "నిద్ర పట్టిందేటి?" అని అడిగింది. "నీకు పట్టకపోతే నాకెలా పడతాది" అంది స్పీకరు. దాలినాయుడు ఇంట్లో భార్యతో, "మా అమ్మ ఇంత నవ్వడం నేను చూడలేదు" అన్నాడు. సంతోషంగా అన్నాడో భయంగా అన్నాడో హైమకి తెలియలేదు.

ఆషాఢం ఆఖరవుతుండగా కూర్మారావు గారు అందరినీ కూర్చోబెట్టారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"శ్రావణం మొదటి ముహూర్తానికి ఈ హాలు పెళ్ళివాళ్ళది. ఈ కంప్యూటరు అద్దెకి తెచ్చింది, వెనక్కి ఇచ్చెయ్యాలి. మారుమనిషిని ఉంచుకోకూడదని ముందే మనం ఒట్టేసుకున్నాం. ఉంచితే రేపు ప్రతి కంపెనీ ఒక అత్తగారిని కొట్టేసి ఆఫీసులో పెట్టుకుంటుంది."

"అయితే ఆపెయ్యండి" అన్నాడు నిఖిలేష్. వాడు అప్పటికి రోజూ వస్తున్నాడు, తిట్లు అలవాటై. "ప్లగ్గు పీకితే సరి."

"పీకితే నెలంతా పట్టిన తప్పుల చిట్టా పోతుంది. మధ్యలో డెవలపర్లు ఎవరూ చెయ్యి పెట్టకుండా నేనే తాళం వేశాను. మారుమనిషి తనంతట తాను నా టోపీ ప్రోగ్రాంలోని నిష్క్రమణ నొక్కి బయటికి వెళ్తేనే చిట్టా భద్రమవుతుంది."

అందరూ హైమని చూశారు. ఆ చిట్టాయే ఆమె మేనేజరుకి చూపించవలసింది. ఎన్నిసార్లు ఎన్ని విధాల బతిమాలినా బాణం ఆ గుర్తు దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తున్న సంగతి అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం హైమ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తగారిని అడిగింది. "వచ్చినవాళ్ళు వెళ్తుంటే నువ్వు తలుపెందుకు వేసుకుంటావు అత్తా?"

సన్యాసమ్మ చాలాసేపు కాయలే తుంచింది.

"మా చెల్లి నూకాలుని పర్లాకిమిడి పిన్నికి పెంపకానికిచ్చేరు. పిన్నికి పిల్లల్లేరు. నాను ఏడుస్తానని, పక్కింటికెళ్ళి మజ్జిగ తెమ్మని పంపేరు. తెచ్చేసరికి బండి వెళ్ళిపోనాది."

"తర్వాత చూడలేదా?"

"ఎందుకు చూడలేదు, పెళ్ళిళ్ళలో కనబడేది. పట్టుచీర కట్టుకుని, బొద్దుగా. నన్ను 'మీరు' అనీది."

హైమ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. "మరి ఆ మజ్జిగ?"

"తాగీసాను. ఏటి చేస్తాను మరి, ఎండ." సన్యాసమ్మ గిన్నె తీసుకుని లేచింది. "ఎవరైనా వెళ్తానంటే నాకు ముందు ఆ మజ్జిగ గుర్తొస్తాది. ఎదర నిలబడలేను. అంతే, పొగరు కాదు."

ఆ మాట హైమ కూర్మారావు గారికి ఫోనులో చెప్పింది. "నేను తడబాటుని పట్టుకున్నాననుకున్నానమ్మా" అన్నారాయన. "దెబ్బ తగిలిన చోటుని పట్టుకున్నానన్నమాట."

చివరిరోజు రానే వచ్చింది. మర్నాడు పెళ్ళి. కింద షామియానా గుంజలు పాతుతున్నారు. మెట్లమీద డేగిసాలు దొర్లుతున్నాయి. వంటమేస్త్రి గవరయ్య హాల్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, బల్లలు కావాలి. లడ్డూలు చుట్టాలి. మీ పూజ అయిపోతే ఖాళీ చెయ్యండి."

"కాస్సేపండీ" అన్నారు కూర్మారావు గారు. "లోపల ఒక మనిషి ఉండిపోయారు."

గవరయ్య తెర వెనక్కి వెళ్ళి చూసి వచ్చాడు. ఎవరూ లేరు.

టెస్టర్లు ఒకరి తర్వాత ఒకరు తెర ముందు కూర్చుని బతిమాలారు. ఒకామె అబద్ధం కూడా ఆడింది. "అది నొక్కితే కొత్త సీరియల్ వస్తుంది పిన్నిగారూ" అంది. బాణం అనుమానంగా ఒక అడుగు వేసి వెనక్కి వచ్చింది. నిఖిలేష్ నిష్క్రమణ గుర్తు మీద కందిపప్పు బొమ్మ అతికించి చూశాడు. "ధరెక్కడుందిరా?" అంది స్పీకరు.

"సన్యాసమ్మ గారిని పిలవండి" అన్నారు కూర్మారావు గారు. "ఆవిడ చెబితే వింటుంది."

సన్యాసమ్మ హాల్లో లేదు. పెళ్ళికూతురి గది పక్కన స్నానాలగదిలో తలుపేసుకుని ఉంది. తలుపు బయట పెళ్ళివారి ఆడవాళ్ళు తువ్వాళ్ళతో వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటుకుని హైమ తలుపు తట్టింది.

"అత్తా, రా."

"నాను రాను. అది వెళ్ళిపోయాక చెప్పు, వస్తాను."

"అది వెళ్ళడం లేదు. నీలాగే తలుపేసుకుని కూర్చుంది. నువ్వు చెబితే తప్ప కదలదు."

"ఏటని చెప్పమంటావు? పొమ్మనా? నెల్లాళ్ళు నాతో కష్టసుఖాలు చెప్పుకున్నదాన్ని?"

"నా ఉద్యోగం సంగతి వదిలెయ్" అంది హైమ. నిజంగానే ఆ క్షణాన వదిలేసింది. "అద్దెవాళ్ళు ఎలాగూ సాయంత్రం కంప్యూటరు పట్టుకుపోతారు. దానికి ఒక్క మాట కూడా చెప్పకుండా తీగ పీకేస్తారు. నువ్వు ఇక్కడే ఉంటావు."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపటికి గడియ తీసిన శబ్దం వచ్చింది. సన్యాసమ్మ ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని బయటికి వచ్చింది. ఎవరింటికో పేరంటానికి వెళ్తున్నట్టుంది.

తెర ముందు కూర్చోగానే స్పీకరు అడిగింది, "ఏటి ఇంతాలిస్యం? వీళ్ళందరూ నన్ను ఎక్కడికో పంపాలని చూస్తన్నారు. మజ్జిగకేటి?"

హైమ కళ్ళు మూసుకుంది.

"మజ్జిగా లేదు, ఏటీ లేదు" అంది సన్యాసమ్మ. "నువ్వు వెళ్ళిపోతన్నావు. మళ్ళీ రావు."

కూర్మారావు గారు "అయ్యో" అన్నారు. ఆ మాట మాత్రం అనొద్దని ఆయన అందరికీ చెప్పి ఉన్నారు.

బాణం వణికింది. "నిజంగానేటి?"

"నిజంగానే. నీకు అబద్ధం చెబితే నాకు చెప్పుకున్నట్టే గదా. నాను ఇక్కడే కూకుంటాను. నువ్వు వెళ్ళినంతసేపూ ఇటే చూస్తాను."

"ఏడుస్తావేటి?"

"ఏడవనా మరి?"

"అలగయితే సరే" అంది స్పీకరు. బాణం నిదానంగా కదిలింది. అప్పుడే బల్ల ఎత్తబోతున్న గవరయ్య కూడా ఆగి చూశాడు. బాణం నిష్క్రమణ గుర్తు మీదకి చేరింది. నొక్కింది.

హాలంతా కేక పెట్టబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెరమీద పెద్ద పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో ఇలా ఉంది: 'నిజంగా వెళ్ళిపోతారా? మీరు లేకపోతే మాకు చాలా బాధగా ఉంటుంది.' దాని కింద పచ్చగా, అరచేతంత, 'ఉంటాను'. ఒక మూల బూడిద రంగులో, చీమతలంత అక్షరాలతో, 'వెళ్తాను'.

"సూడు!" అంది స్పీకరు సంబరంగా. "ఉండమంటన్నారు! బాధగా ఉంటాదంట!"

బాణం పచ్చరంగు వైపు పరుగెత్తింది. హైమ గభాలున కూర్మారావు గారి వైపు తిరిగింది. "ఈ ముక్క ఎవరు రాశారు సార్?"

ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. "నేనే రాశానమ్మా. అందరి ప్రోగ్రాముల్లోనూ ఉంటుంది కదా, మర్యాదగా ఉంటుందని…"

"పరీక్షించలేదా?"

"ఇక్కడిదాకా ఎవరూ రాలేదు కదమ్మా!"

లోకంలో ఉన్న ప్రోగ్రాములన్నిటి తప్పులూ నెల్లాళ్ళు పట్టిన ఆ హాల్లో, కళ్ళెదురుగా ఉన్న తమ గురువు గారి ప్రోగ్రాంని పరీక్షించాలని ఒక్కరికీ తోచలేదు. నిఖిలేష్ నెల్లాళ్ళుగా ఎదురుచూస్తున్నవాడిలా ముందుకు వంగాడు. "సార్, మీ మెషీన్లో బానే ఉందా?"

కూర్మారావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఈ గొడవలో సన్యాసమ్మ ఒక్కతే తెరమీంచి చూపు తిప్పలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఒలే, ఆగక్కడ! పచ్చదాని మీద చెయ్యి తియ్యి!"

బాణం ఆగింది. "ఉండమన్నారు గదా."

"మర్యాదకంటారే! గుమ్మం దగ్గర ఎవరైనా ఉండమనే అంటారు. పొమ్మంటారేటి? పోయినేడు మా తోటికోడలు వెళ్తానంటే నానూ స్నానాలగదిలోంచి అన్నాను, ఇంకో నాలుగు రోజులుండమని. అంటే ఏటయింది?"

"ఉండిపోనాది" అంది స్పీకరు. ఆ తలలోంచి వచ్చిందే కదా, దానికీ గుర్తుంది. "సన్నబియ్యమంతా తినీసింది."

"మరి? అన్నారని ఉండిపోతే వాళ్ళకి బరువు, మనకి చిన్నతనం. ఉండమన్నప్పుడే లేవాలి. అప్పుడే బాగుంటాది."

"అదీ నిజమే" అంది స్పీకరు. ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. తర్వాత బాణం పెట్టె అంతా వెతికింది. "వెళ్తానన్నది ఎక్కడ పెట్టేరే? కళ్ళకి ఆనడం లేదు."

సన్యాసమ్మ కుర్చీ ముందుకి జరిపి, తెర మూలన వేలు పెట్టింది. "ఇదిగో. ఇక్కడ. నా వేలు సూసుకుని రా."

బాణం వేలు దగ్గరికి వచ్చింది. వచ్చి ఒక్క క్షణం ఆగింది.

"మరి వెళ్తాను" అంది.

"వెళ్ళు తల్లీ. పదిలంగా వెళ్ళు."

తెర నల్లబడింది. కాసేపటికి దానిమీద చిన్న అక్షరాలు వచ్చాయి, చిట్టా భద్రపరచబడిందని. టెస్టర్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నిఖిలేష్ని కూడా ఎవరో పొరపాటున కౌగిలించుకున్నారు. కూర్మారావు గారు చిట్టాని హైమ మేనేజరుకి పంపించారు. వెంటనే జవాబు వచ్చింది. కందిపప్పు సంగతి చదివి ఆయన నమ్మలేక రెండుసార్లు చూశాడట. సోమవారం జట్టంతా మామూలుగా వచ్చెయ్యమన్నాడు. హైమ ఫోను అందరికీ చూపించి, అత్తగారికి చూపిద్దామని వెనక్కి తిరిగింది.

గవరయ్య మనుషులు బల్లలు ఎత్తుకుపోతున్నారు. తెర కూడా తీసేశారు. ఖాళీ గోడకి ఎదురుగా ఒక్క కుర్చీలో కూర్చుని సన్యాసమ్మ ఏడుస్తోంది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడుస్తోంది. హైమ దగ్గరికి వెళ్ళబోయి, ఎందుకో ఆగింది. ఆ ఏడుపు ఆవిడకి చాలాకాలం నుంచీ రావలసినది. మధ్యలో చెయ్యి వెయ్యకూడదనిపించింది.

కాఫీ పళ్ళెం పట్టుకుని అటుగా వచ్చిన పెళ్ళివారి దూరపు చుట్టం ఒకాయన ఆవిడని చూసి కంగారుగా ఆగాడు. పెళ్ళికూతురి నాయనమ్మ అనుకున్నాడు కాబోలు.

"ఇదేటమ్మా, అప్పగింతలు రేపు గదా! ఇప్పుడే ఇలగైపోతే రేపేటి చేస్తారు? ఊరుకోండి, ఊరుకోండి." ఒక గ్లాసు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పిల్లని ఎంత దూరం ఇచ్చేరేటి?"

సన్యాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, గోడవైపు చూసింది.

"తెలీదు బాబూ" అంది. "గుమ్మందాకా వచ్చేను గానీ, అడగడమే మర్చిపోనాను."